మూడు బోర్డుల మనిషి

మా కంపెనీ వార్షిక నివేదికలో ఆయన గురించి ఒక పేరా రాసిమ్మని చైర్మన్ అడిగితే రాసిచ్చాను. ఎప్పటి నుంచి డైరెక్టరుగా ఉన్నారు, ఇంకా ఏయే కంపెనీల్లో ఉన్నారు, ఏ కమిటీల్లో పనిచేశారు, ఎప్పుడు కాలం చేశారు. అన్నీ సరిచూసుకుని రాశాను. ఒక్క తప్పు లేదు. అచ్చయి వచ్చాక చదివితే అందులో ఆయన తప్ప అన్నీ ఉన్నాయి.

అందుకే మళ్లీ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే మూడు కంపెనీల వాళ్లూ మావాడంటే మావాడని వస్తారు. బతికి ఉన్నప్పుడు మాత్రం ముగ్గురికీ ఆయన పక్క కంపెనీ మనిషిలాగే కనిపించాడు.

బత్తలపల్లెలో ఆయనకు మోటార్లు, పైపుల అంగడి ఉండేది. మా మెట్ట నేలల్లో బోర్లు ఎండడం, మళ్లీ వేయడం ఆగే పని కాదు కాబట్టి, ఎండిన బోరున్న ప్రతి ఊళ్లోనూ ఆయనకు తెలిసినవాళ్లు ఉండేవారు. ఆ పరిచయాల మీదే మూడు కంపెనీల్లో డైరెక్టర్ అయ్యాడు. ఒకటి ధర్మవరం పొలిమేరలో నేత కుటుంబాలు, అద్దకం పనివాళ్లు వాటాలు వేసుకుని పెట్టుకున్న మా పట్టునూలు అద్దకం కంపెనీ. రెండోది కదిరి దగ్గరి పాల కంపెనీ. మూడోది మడకశిర వైపు ఉన్న వేరుశనగ నూనె కంపెనీ. నేను అనంతపురంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి మా అద్దకం యూనిట్‌లో చేరేటప్పటికే ఆయన ఈ మూడు చోట్లా పాతబడిపోయి ఉన్నాడు.

బోర్డు సమావేశానికి అందరికంటే ముందు వచ్చేవాడు. కానీ హాల్లోకి రాడు. గేటు దగ్గర ఆటో దిగి నేరుగా వెనక వైపు మురుగు కాలువ దగ్గరికి పోయేవాడు. కాసేపు చూసి, కొంచెం వంగి వాసన పట్టి, అప్పుడు లోపలికి వచ్చి, "ఈ పొద్దు చిలకపచ్చ వేసినట్లుండారే" అనేవాడు. అందరూ నమస్కారాలు పెట్టుకునే సమయంలో ఆయన నోట వచ్చే మొదటి మాట అది. మా చైర్మన్ పట్టుచీరల వ్యాపారి, మర్యాదస్తుడు. ఆయనకు ఈ మాట కాఫీలో ఉప్పు పడ్డట్టుండేది.

చర్చించాల్సిన విషయాల జాబితా చేతికిస్తే చివరి నుంచి చదివేవాడు. చివర ఎప్పుడూ 'ఇతర విషయాలు' అని ఉంటుంది. వేలు దాని మీద పెట్టి, "ఈ కడాన ఏం దాచిపెట్టినారు?" అని అడిగేవాడు. ఎందుకలా అని ఒకసారి నేను అడిగితే, అందరూ ఒప్పుకునేవి ముందర పెడతారని, కొట్లాడుకోవాల్సినవి ఆఖరికి నెట్టి, అన్నం వేళకు తెస్తారని చెప్పాడు. తర్వాత నేను చూసిన చాలా సమావేశాల్లో అది నిజమే అయింది.

టిఫిన్‌కు ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తే బజ్జీలోని మిరపకాయ తీసి, అడగకుండా పక్కవాడి ప్లేట్లో పెట్టేవాడు. నేను పక్కనుంటే నా ప్లేట్లో. బస్సులో ఫోన్ వస్తే స్పీకర్ పెట్టి మాట్లాడేవాడు, బస్సంతా వినేది. ఎవరికి పడితే వారికి, "చూస్తాంలే, పని ఇప్పిస్తాం" అనేసేవాడు. అలా ఆయన మాట నమ్మి మా గేటు దగ్గరికి వచ్చిన కుర్రవాళ్లకు సర్దిచెప్పి పంపడం నా పనుల్లో ఒకటి. ఆయన్ని 'సార్' అంటే పలికేవాడు కాదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన 'అన్నా'. నేను మాత్రం ఆయనకు 'ఇంజనీరప్ప'.

ఇవన్నీ పైపై సంగతులు. అసలు అలవాటు వేరే ఉంది. ఎవరైనా లేచి ఫలానా పని విజయవంతంగా పూర్తయిందని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు.

"బాగుండేది పేపరోళ్లు రాసుకుంటారప్పా. యాడ చెడిందో అది చెప్పు. ఇంగో చోట చెప్పుకోవాల నేను."

ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఒకే మనిషి నాలుగు కంపెనీల బోర్డుల్లో ఉంటే ఒక చోటి మంచి ఆలోచన ఇంకో చోటికి పోతుందని, నీళ్లు ఆదా చేసే పద్ధతులూ పొగ తగ్గించే పద్ధతులూ అలాగే పాకుతాయని మాకు కాలేజీలో చెప్పారు. పుస్తకంలో బొమ్మ కూడా ఉండేది: గుండ్రాలు, వాటిని కలుపుతూ గీతలు. ఉద్యోగంలో చేరాక ఆ గీతల వెంట ఏం నడుస్తుందో చూశాను. ఎక్కువగా గొప్పలు నడుస్తాయి. మా జిల్లాలో ఒక చైర్మన్ ఇంకో చైర్మన్‌ను కలిసేది పెళ్లిళ్లలో. పెళ్లిలో పంక్తి భోజనానికి కూర్చుని మా యూనిట్ మూలపడిందని ఎవరూ చెప్పరు. బ్రహ్మాండంగా ఉందంటారు. విన్నవాడు ఇంటికొచ్చి అదే కొంటాడు. ఆ గీతల మీద చెడిపోయిన సంగతిని మోసుకుని తిరిగిన మనిషిని నేను ఈయన్ని ఒక్కణ్నే చూశాను.

ఆయన మోసుకొచ్చినవన్నీ మంచివేం కావు. మడకశిర నూనె కంపెనీలో వేరుశనగ పొట్టుతో బాయిలర్ నడుపుతున్నారని చూసొచ్చి, మా దగ్గర కట్టెలు మాన్పించి పొట్టు పెట్టించేదాకా మమ్మల్ని నిలవనీయలేదు. పెట్టాం. మంట బాగానే వచ్చింది. పొట్టు బూడిద తేలిక, అది గొట్టంలోంచి లేచి గాలికి ఆరుబయట గడకర్రల మీద ఆరేసిన తెల్ల పట్టునూలు మీద పడింది. పెళ్లిచీరల నూలు అది, చుక్కలు చుక్కలుగా అయిపోయింది. మా అద్దకం మేస్త్రి ఒక కట్ట తెచ్చి సమావేశం జరుగుతుండగా ఆయన ముందు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంకొకరైతే ఆ సంగతి అక్కడితో తొక్కిపెట్టేవారు. ఈయన మరుసటి నెల మడకశిర పోయి, తన మాట విని ధర్మవరంలో తెల్లనూలు పాడైందని ఆ బోర్డులో లేచి చెప్పాడట. అక్కడివాళ్లు నవ్వి, గొట్టానికి కింద బూడిద పట్టే డబ్బా ఒకటి ఉంటుంది కదా, అది చూడలేదా అన్నారట. ఈయన చూడలేదు. తిరిగొచ్చి ఆ డబ్బా సంగతి నాకు చెప్పాడు, గీసి చూపించాడు, తప్పుగా గీశాడు. నేను సరిచేసి కట్టించాను. ఇప్పటికీ మా బాయిలర్ పొట్టుతోనే నడుస్తోంది.

ఇక అసలు సంగతి.

పట్టునూలుకు సహజంగా జిగురుంటుంది. సబ్బునీళ్లలో ఉడికించి దాన్ని తీసేశాకే రంగు పడుతుంది. ఆ జిగురు నీళ్లు, రంగు నీళ్లు, కడిగిన నీళ్లు అన్నీ కలిసి మా వెనక కాలువలోంచి వంకలోకి పోయేవి. వంక వానాకాలంలో తప్ప పారదు. మిగతా ఏడాదంతా అందులో ఉండేది మా నీళ్లే. కింది ఊరి రైతులు ఫిర్యాదు చేశారు. కాలుష్య నియంత్రణ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది: రంగునీళ్లు ఆపండి, లేకపోతే యూనిట్ మూసేయండి. మూసేస్తే మేస్త్రి దగ్గర్నుంచి నూలు ఆరేసే ఆడవాళ్ల దాకా అందరూ వీధిన పడతారు. వాళ్లలో చాలామంది కంపెనీలో వాటాదారులు కూడా.

నీళ్లను శుద్ధి చేసే తొట్టి ఒకటి కట్టాలి. అందులో సూక్ష్మజీవులను పెంచితే అవి ఆ జిగురునూ సబ్బునూ తినేస్తాయి, తర్వాత రంగు తీయడం తేలిక. ఇది నాకు తెలిసిన శాస్త్రం. ఏ కంపెనీ దగ్గర కొనాలో మా చైర్మన్ అప్పటికే తేల్చుకున్నాడు. కదిరి పాల కంపెనీలో అలాంటి తొట్టే ఉంది, బ్రహ్మాండంగా నడుస్తోందని అక్కడి చైర్మన్ స్వయంగా, ఒక పెళ్లిలో, ఆయనకు చెప్పాడు. నేను లెక్కలు వేసి, అదే తొట్టి మాకు సరిపోతుందని బోర్డు ముందు పెట్టాను.

అందరి కళ్లూ ఆయన మీదే. పాల కంపెనీలో ఆయన కూడా డైరెక్టరే కదా. చైర్మన్ నవ్వుతూ, "చెప్పు అన్నా, మీ కదిరిలో ఎట్లుండాదో" అన్నాడు.

ఆయన మాట్లాడలేదు. ఆ హాల్లో ఆయన నోరు మూసుకుని ఉండటం అదే మొదలు. చేతిలోని కాగితం మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. చివరకు నా వైపు తిరిగాడు.

"ఇంజనీరప్పా, నీ తొట్లో ఆ జీవాలు ఉంటాయి గదా. అమావాస్య ముందర్రోజు వాటికి ఏం పెడతావు?"

ఆయన సూక్ష్మజీవులను గొర్రెల్ని అన్నట్టే 'జీవాలు' అనేవాడు. నేను నవ్వాను. అప్పుడు మేస్త్రి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మేస్త్రి నవ్వలేదు.

మా దగ్గర అమావాస్య సెలవు. మగ్గం ఆడదు, అద్దకమూ ఉండదు. రంగు వేసే తొట్లకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. పూజకు ముందు రోజు అన్ని తొట్లనూ ఖాళీ చేసి, బ్లీచింగ్ పొడి వేసి మరకలన్నీ పోయేలా తోముతారు. ఆ నీళ్లన్నీ ఒక్క సాయంత్రం కాలువలో పడతాయి. బ్లీచింగ్ సూక్ష్మజీవుల్ని చంపడానికే పుట్టిన పదార్థం. ఇది తెలియని ఇంజనీరు ఉండడు. మేస్త్రివాళ్లు అమావాస్యకు తొట్లు తోముతారన్నదీ నాకు తెలుసు. నేను ధర్మవరంలోనే పెరిగాను. రెండూ వేర్వేరు అరల్లో పెట్టుకున్నాను, అంతే.

ఈ నెల తీర్మానం వద్దు, వచ్చే నెల చూద్దామని ఆయన అన్నాడు. చైర్మన్‌కు కోపం వచ్చింది. నాకు ఇంకా ఎక్కువ వచ్చింది. నోటీసు గడువు నడుస్తుంటే నెల ఆగడమేమిటి? బయటికొచ్చాక, కదిరిలో అది నడుస్తోందా లేదా ఒక్క మాట చెప్పమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నడవట్లేదని కాదు, చెప్పనని. ఆ బోర్డు విషయం బయట చెప్పకూడదని అక్కడ తీర్మానం చేసుకున్నారట. రేపు పొద్దున కదిరి బస్సెక్కుదాం, సిద్ధంగా ఉండమన్నాడు.

మరుసటి రోజు పాల కంపెనీ సమావేశం. నన్ను వరండాలో ఖాళీ పాలక్యాన్ల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి ఆయన లోపలికి పోయాడు. కరెంటు లేదు, కిటికీలు తీసే ఉన్నాయి. ఆయన తన అలవాటు ప్రకారం 'ఇతర విషయాలు' దగ్గర మొదలుపెట్టాడు. ధర్మవరం ఇంజనీరు బయట కూర్చున్నాడని, మన తొట్టిని అతనికి చూపించడానికి ఒప్పుకోమని అడిగాడు. తర్వాత అక్కడి చైర్మన్ గొంతు వినిపించింది.

"నువ్వు మా డైరెక్టరా, ధర్మవరమోళ్ల డైరెక్టరా? ఒగటి చెప్పు."

"రెండూనూ. మడకశిరది గూడా."

ఎవరో నవ్వారు. చైర్మన్ నవ్వలేదు. "ఈడ మాటలు ఆడ, ఆడ మాటలు ఈడ మోసేదానికా నిన్ను పెట్టుకునింది?"

"దానికే గదన్నా. ఊరికే కూర్చునేదానికయితే మా అంగట్లో కుర్చీ ఉండాది. ఫ్యాను గూడా ఉండాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చైర్మన్ వాదనలో పస లేకపోలేదు. తొట్టి మూలపడిందని బయటికి పొక్కితే ఆఫీసు నుంచి తమకూ నోటీసు వస్తుందని, పాలు పోసే ఆడవాళ్లు భయపడి వేరే డెయిరీకి పోతారని, పదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి కట్టుకున్నది ఒక్క నెలలో పోతుందని అన్నాడు. అలా ఇల్లిల్లూ తిరిగిన వాళ్లలో ఈయన కూడా ఒకడని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను ఆడ నోరు తెరవలేదన్నా. మనం తీర్మానం చేసుకున్నాం, మూసుకున్నా. ఇప్పుడు మీ మొగం చూసి అడగతాండా. నువ్వు పెళ్లిలో చెప్పిన మాట పట్టుకుని వాళ్లు ఇదే తొట్టి కొనబోతాండారు. అది చచ్చిపోతే వాళ్లది మూత పడతాది. నూలుకు రంగేసేవాళ్లు యాడికి పోవాల? మన నోటీసు మనకు ఎప్పుడో ఒగప్పుడు వస్తాది. ఆ పిల్లోన్ని చూడనీండి."

లోపల చాలాసేపు గుసగుసలు. తర్వాత చైర్మన్ అన్నాడు:

"చూడనీ. చూసినాక నువ్వు మాత్రం ఈడ కూర్చోలేవు."

"సరే."

అంతే అన్నాడు. బయటికొచ్చి చెప్పులేసుకుని, "రాప్పా, చూద్దాం" అన్నాడు.

తొట్టి ఎండిపోయి ఉంది. అడుగున తుమ్మ మొక్క మొలిచింది. అక్కడి ఆపరేటర్ నాకు అన్నీ విప్పి చెప్పాడు. పాల గొట్టాలను యాసిడ్‌తో కడిగిన రోజు ఆ నీళ్లు నేరుగా ఇందులోకే వచ్చేవి. నురుగు లేచేది, కుళ్లు వాసన కొట్టేది, జీవాలు చచ్చేవి. అమ్మినవాళ్లు వచ్చి మళ్లీ వేసి పోయారు, మళ్లీ చచ్చాయి, తర్వాత రావడం మానేశారు. నేను అడుగుతూ రాసుకుంటుంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. గట్టు మీద నిలబడి పాల కంపెనీ ఆవరణ అంతా ఒకసారి కలియజూశాడు. పాలు కొలిచే షెడ్డు వైపు, వ్యాన్లు నిలిపే చోటు వైపు.

తిరుగు బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. మా కోసం కుర్చీ వదులుకున్నారే అన్నాను.

"కదిరి బస్సులో నెలనెలా నిలబడి పోయే పని తప్పింది" అన్నాడు.

ఫోన్ మోగింది. తీయలేదు. ముదిగుబ్బ దాటేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆ చూపు నన్ను పనిలోకి తోసింది. ముందు కాలువలు విడగొట్టాను. జిగురునీళ్లు ఒక దారి, రంగునీళ్లు ఒక దారి, కడిగిన నీళ్లు ఒక దారి. ఆఖరుసారి జాడించిన నీళ్లు దాదాపు తేటగా ఉంటాయి. వాటిని పట్టి ఉంచి మరుసటి రోజు ముదురు రంగుల నూలు మొదటిసారి తడపడానికి వాడాం. దాంతో మా బోరు మీద భారం కూడా తగ్గింది. మిగిలింది అమావాస్య. తొట్లు తోమడం మానమంటామేమోనని మేస్త్రి ముందే కాచుకుని ఉన్నాడు. మానమంటే గేటు లోపల కాలు పెట్టనని నాతో చెప్పేశాడు. ఆయనే వచ్చి సర్దాడు.

"నువ్వెంత కడుక్కుంటావో కడుక్కో మేస్త్రీ. సామి పని. ఆ నీళ్లు యాడికి పోవాలో అది మాత్రం ఇంజనీరుకు ఇడువు."

వెనక ఖాళీ స్థలంలో వెడల్పుగా, లోతు లేకుండా ఒక గుంత కట్టించాను. అమావాస్య నీళ్లన్నీ అందులోకి. మా ఊరి ఎండకు కొదవేముంది, బ్లీచింగ్ ఘాటు ఎండకు ఎగిరిపోతుంది. తర్వాత ఆ నీళ్లను కొద్దికొద్దిగా జీవాల తొట్టిలోకి వదలాలి. తొట్టి కూడా పెళ్లిలో విన్నది కొనలేదు, మా నీళ్లకు తగ్గట్టు కట్టుకున్నాం. పేడనీళ్లతో జీవాలను మొదలుపెట్టాం. వంకలోకి రంగు పోవడం ఆగింది. ఆఫీసువాళ్లు వచ్చి చూసి, మూసివేత నోటీసు పక్కన పెట్టి, అప్పుడప్పుడూ వచ్చి పరీక్ష చేస్తామని, ఒక్కసారి తేడా వచ్చినా పాత నోటీసు అమలవుతుందని రాసిచ్చారు.

ఆయన గుండె ఆగి పోయింది ఆ తర్వాతే. అంత్యక్రియలకు మూడు కంపెనీల వాళ్లూ వచ్చారు. మూడు గుంపులుగా నిలబడ్డారు. పాల కంపెనీ చైర్మన్ అందరికంటే వెనక, రోడ్డు మీద, ఒక్కడే నిలబడ్డాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజకు అమావాస్యకంటే ఎక్కువ తోముతారని నాకు తెలుసు. రెట్టింపు నీళ్లు వస్తాయని లెక్క వేసుకున్నాను, గుంత సరిపోతుంది. కానీ పూజ మరునాటికి గుంత పొంగి, ఘాటు నీళ్లు నేరుగా జీవాల తొట్టిలోకి దూకాయి. నేను పోయి చూసేటప్పటికి నీళ్లు బూడిదరంగులో, కుళ్లు వాసనతో కదలకుండా ఉన్నాయి. జీవాలు చచ్చిపోయాయి. అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఎంత లెక్క వేసినా తేలలేదు. ఆఫీసువాళ్లు వచ్చే వారమే పరీక్షకు వస్తున్నారు. కారణం తెలియకుండా కొత్త జీవాలు వేస్తే దీపావళి అమావాస్యకు అవీ పోతాయి. మా యూనిట్ మళ్లీ మూత అంచుకొచ్చింది.

సరిగ్గా అప్పుడు, చెప్పా పెట్టకుండా, పాల కంపెనీ చైర్మన్ వచ్చాడు. వాళ్లకూ నోటీసు వచ్చిందట. మా తొట్టి చూడాలన్నాడు.

మా చైర్మన్ ఆయన్ని లోపల కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. నన్ను పక్కకు పిలిచాడు. ఎండాకాలంలో తీసిన ఫోటోలు చూపించి పంపించేయమన్నాడు. తొట్టి దగ్గరికి తీసుకుపోవద్దన్నాడు. ఇప్పుడు ఇది కదిరి దాకా పాకితే ఆఫీసుకు చేరడం ఎంతసేపని అడిగాడు. ఆయన చెప్పినదాంట్లోనూ పస లేకపోలేదు. కిటికీ అవతల పాల కంపెనీ చైర్మన్ ఆనాడు అన్న మాటలే, ఇంచుమించు.

"తొట్టే చూపిస్తానన్నా" అన్నాను.

"ఉద్యోగం చేయాలని లేదా నీకు?"

"ఉండాది."

లోపలికి పోయి, కాఫీ అయిందా అని పాల కంపెనీ చైర్మన్‌ను అడిగి, వెంటబెట్టుకుని వెనక వైపు నడిచాను. మా చైర్మన్ వరండాలోనే ఆగిపోయాడు. తొట్టి దగ్గరికి పోయేసరికి పాల కంపెనీ చైర్మన్ ముక్కు మీద తువ్వాలు పెట్టుకున్నాడు. ఆ వాసన ఆయనకు కొత్త కాదు.

"చచ్చిందా?"

"చచ్చిందన్నా. ఎట్ల చచ్చిందో నాకు తెలిసినంత చెప్తా. తెలియంది ఒగటి ఉండాది, అది గూడా చెప్తా."

కాలువలు విడగొట్టడం, గుంత, ఎండ, అమావాస్య, అన్నీ చెప్పాను. పొంగిన గుంతను చూపించి, నా లెక్కకు మించి వచ్చిన నీళ్లు ఎక్కడివో నాకు తెలియదని చెప్పాను. ఆయన అడ్డు రాలేదు, సానుభూతీ చూపలేదు. గుంత చుట్టూ ఒకసారి తిరిగి, మీరు ఏ రోజు ఏం కడుగుతారని మాత్రం అడిగాడు.

వెనక చెప్పుల చప్పుడయింది. మా చైర్మన్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. కాసేపు గుంతనే చూసి, పాల కంపెనీ చైర్మన్‌తో అన్నాడు:

"ఆ ఎక్కువ నీళ్లు యాడివో వీనికి తెలీదన్నా. గోడౌన్లో పాత రంగు డ్రమ్ములుండె. ఆయుధపూజ గదా అని అవి గూడా బయటికి తీపించి కడిగించినా. బ్లీచింగు లెక్క లేకుండా పోసినారు. చిన్న పనే గదా అని ఎవరికీ చెప్పలేదు."

నా మనసులో లెక్క దానంతటదే సరిపోయింది. డ్రమ్ములకు వేరే దారి, పేడనీళ్లు ఇవాళే, వారం లోపల తొట్టి మళ్లీ కదులుతుంది. సాయంత్రానికి పనివాళ్లు కావాలని చైర్మన్‌తో చెప్పాను. పిలిపిస్తానన్నాడు.

పాల కంపెనీ చైర్మన్ ముక్కు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. గట్టు మీద పక్కకు జరిగి మా చైర్మన్‌కు చోటిచ్చాడు.

"ఇంగ మాది వినండి" అన్నాడు.